ఖాతాలో పడే సాయం డబ్బు పల్లె కుటుంబం బతుకుదెరువును ఎక్కడ మారుస్తుంది, ఎక్కడ మార్చలేదు

ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసే డబ్బుతో ఊళ్లలో కుటుంబాలు నిజంగా నిలదొక్కుకుంటున్నాయా, లేక వచ్చింది వచ్చినట్టే కరిగిపోతోందా అన్నది ప్రశ్న. నిలదొక్కుకుంటున్నాయి. అయితే అది ఎంత ఇచ్చారన్న దానికంటే మూడు విషయాల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది: ఏ నెలలో పడింది, ఒక్కసారే పడిందా కొద్దికొద్దిగానా, ఎవరి పేరున పడింది. పన్నెండు వేలు జూన్ మొదట్లో పడితే రైతు ఎరువుల షాపులో ఉద్దెర పెట్టాల్సిన పని తప్పుతుంది. అవే పన్నెండు వేలు ఆగస్టు చివర పడితే అప్పటికే తెచ్చిన అప్పు మిత్తికి జమ అవుతాయి. సర్కారు లెక్కల్లో రెండూ ఒకటే. ఇంట్లో లెక్క మాత్రం పూర్తిగా వేరు.

ముందు మన రెండు రాష్ట్రాల పద్ధతుల మధ్య తేడా చూడాలి. తెలంగాణలో 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైన రైతుబంధు ఎకరం లెక్కన ఇచ్చేది. మొదట సీజన్‌కు ఎకరానికి 4,000, 2019 వానాకాలం నుంచి 5,000. తొలి విడత చెక్కులుగా పంచారు, ఆ ఏడాది యాసంగి నుంచి ఖాతాల్లో వేశారు. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో అది 6,000 అయింది, సాగుకు పనికొచ్చే భూమికి మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో లెక్క కుటుంబానిది. 2019 అక్టోబరులో మొదలైన రైతు భరోసాలో కేంద్రం ఏటా ఇచ్చే పీఎం కిసాన్ 6,000 కలుపుకొని ఏడాదికి 13,500. 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవలో అదే 6,000 కలుపుకొని 20,000.

పైకి ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ బతుకుదెరువు మీద దీని ప్రభావం చాలా పెద్దది. ఎకరం లెక్కలో అరెకరం రైతుకు సీజన్‌కు 3,000, పదెకరాల రైతుకు 60,000 వస్తాయి. కుటుంబం లెక్కలో ఇద్దరికీ ఒకటే. అందుకే అరెకరం, ఎకరం ఉన్న ఇళ్లకు ఆంధ్ర పద్ధతిలో వచ్చేది పెట్టుబడిని దాటి మిగులుతుంది. అదే రెండెకరాలు దాటిన వాళ్లకు తెలంగాణ పద్ధతి పంట ఖర్చుకు దగ్గరగా వస్తుంది. రెండు రాష్ట్రాల ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు ఈ తేడాను మరిచిపోతే తప్పుడు నిర్ణయానికి వస్తారు.

ఇప్పుడు వానాధారం పత్తి వేసే రెండెకరాల కుటుంబం లెక్క వేద్దాం. బీటీ పత్తి విత్తనం 475 గ్రాముల ప్యాకెట్ గరిష్ఠ ధర 2025 సీజన్‌లో 901 రూపాయలు. ఎకరానికి రెండు చొప్పున నాలుగు ప్యాకెట్లకు 3,604. డీఏపీ ఎకరానికి ఒక బస్తా, 1,350 చొప్పున 2,700. మొదటి దఫా యూరియా రెండు బస్తాలు, 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసల చొప్పున 533. దుక్కికి, గుంటకకు ట్రాక్టర్ కిరాయి ఊరిని బట్టి మారుతుంది, ఎకరానికి 2,000 అనుకుంటే 4,000. మొత్తం 10,837. తెలంగాణ రైతు భరోసా కింద సీజన్‌కు వచ్చేది 12,000. అంటే ఈ డబ్బు పంట మొత్తం ఖర్చుకు చాలదు. కలుపు కూలీ, పురుగుమందులు, పత్తి ఏరే కూలీ అన్నీ బయటే ఉంటాయి. కానీ గింజ వేసిన నాటి నుంచి మొదటి నలభై అయిదు రోజుల నగదు ఖర్చుకు దాదాపు సరిగ్గా సరిపోతుంది. రైతు చేతిలో రూపాయి లేని రోజులు కూడా సరిగ్గా అవే.

ఆ డబ్బు లేకపోతే ఏం జరుగుతుంది? విత్తనాలు, ఎరువులు, మందులు అమ్మే షాపు దగ్గర ఉద్దెర పెడతారు. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి అనుకుంటే 10,837 మీద ఆరు నెలలకు దాదాపు 1,300. మూడు రూపాయలైతే 1,950. ఇంత మాత్రమే అయితే పెద్ద నష్టం కాదు. అసలు నష్టం వేరే చోట ఉంది. చాలా ఊళ్లలో ఉద్దెర ఇచ్చిన వ్యాపారే పంట కొనేవాడు కూడా. అప్పు ఉన్నవాడికి పత్తిని ఆయన కాంటా మీదే పెట్టక తప్పదు, ఆయన చెప్పిన ధరకే ఇవ్వక తప్పదు, తరుగు కింద తీసింది ఒప్పుకోక తప్పదు. రెండెకరాల్లో 16 క్వింటాళ్లు వచ్చాయనుకోండి. క్వింటాలుకు 400 తక్కువకు అమ్మినా 6,400 పోయినట్టే. మిత్తితో పోలిస్తే ఇది మూడు నుంచి అయిదు రెట్లు. కాబట్టి జూన్‌లో పడిన 12,000 విలువ 12,000తో ఆగదు. అమ్ముకునే స్వేచ్ఛ దాని వెంట వస్తుంది. ఈ ఒక్క సంగతిని లెక్కలోకి తీసుకోకుండా నగదు సాయం పనిచేసిందా లేదా అని తేల్చడం కుదరదు.

ఆ స్వేచ్ఛను వాడుకోవడానికి మళ్లీ ఇంకొంత నగదు కావాలి. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు. భారత పత్తి సంస్థ కేంద్రంలో ఆ ధర దొరకాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై, స్లాట్ తీసుకుని, ఆధార్ కలిపిన ఖాతా చూపించాలి. తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే కొనరు. మొదటి ఏరుడు పత్తిని పరిచి ఆరబెట్టాలి, ఇంట్లో నిల్వ పెట్టాలి, డబ్బు ఖాతాలో పడేదాకా ఆగాలి. ఏరిన కూలీలకు మాత్రం వారం వారం ఇవ్వాల్సిందే. చేతిలో అయిదారు వేలు ఉన్న ఇల్లు ఆగగలదు, లేని ఇల్లు ఆ సాయంత్రమే పల్లె వ్యాపారికి తూకం వేస్తుంది. వరిలోనూ ఇంతే. కల్లంలో ధాన్యం ఆరబోసి కొనుగోలు కేంద్రంలో వరుస కోసం కాచుకునే ఓపిక చేతిలోని నగదు మీదే ఆధారపడుతుంది.

అందుకే ఆలస్యం అన్నది ఈ పథకాలను లోపలి నుంచి దెబ్బతీసే లోపం. తెలంగాణలో 2023-24 యాసంగి డబ్బు నెలల తరబడి విడతలుగా పడింది. 2024 వానాకాలానికి అసలు పడలేదు. 2025 వానాకాలంలో జూన్‌లోనే తొమ్మిది రోజుల్లో వేశారు. ఒకే పథకం, ఒకే రైతు, మూడు సీజన్లకు మూడు రకాల ఫలితం. డబ్బు వస్తుందో రాదో తెలియనప్పుడు కుటుంబం అది రాదనుకునే ఉద్దెర పెడుతుంది, తర్వాత వచ్చినా అప్పటికే పంట ఒకరి చేతికి పోయి ఉంటుంది. ఇంకా ప్రమాదకరమైన పని, వస్తుందన్న నమ్మకంతో ముందే దాని మీద అప్పు చేయడం. తేదీ ప్రకటించారు కదా అని చేబదులు తీసుకోవద్దు. ఖాతాలో పడేదాకా ఆ డబ్బును లెక్కలో చేర్చవద్దు. విడుదల కూడా సాధారణంగా తక్కువ ఎకరాల వాళ్లతో మొదలై పైకి పోతుంది కాబట్టి ఎకరం రైతుకు పడిన రోజే అయిదెకరాల రైతుకూ పడుతుందని అనుకోకూడదు.

ఒక్కసారా, విడతలా అన్న ప్రశ్నకు వేరే దేశాల్లో బాగా కొలిచిన ఫలితాలున్నాయి. కెన్యాలో రారియెడా ప్రాంతపు పల్లెల్లో ఒకే మొత్తాన్ని కొందరికి నెలనెలా, కొందరికి ఒక్కసారిగా ఇచ్చి చూశారు. నెలనెలా అందుకున్న ఇళ్లలో తిండి మెరుగుపడింది. ఒక్కసారి అందుకున్న ఇళ్లు రేకుల కప్పు లాంటి నిలిచే ఆస్తుల మీద పెట్టాయి. మెక్సికో పల్లెల్లో పిల్లల చదువుకు, ఆరోగ్యానికి ముడిపెట్టి ఇచ్చిన సాయంలో ప్రతి వంద పెసోల్లో 74 వాడకానికి పోతే మిగిలినవి పశువుల మీద, చిన్న వ్యాపారం మీద, సాగు మీద పెట్టుబడి అయ్యాయి. సాయం చిన్నదైనా క్రమం తప్పకుండా వస్తుందన్న భరోసా ఉంటే పేద ఇల్లు కూడా కొంత పక్కన పెడుతుందని దీని అర్థం.

మన దగ్గర పీఎం కిసాన్ నాలుగు నెలలకోసారి 2,000. అది కిరాణానికి, మందులకు, బడి పుస్తకాలకు పోతుంది. పోవడం తప్పేమీ కాదు, అది చేయగలిగిన పని అదే. ఆ 2,000తో ఆస్తి కొనాలని ఎవరైనా సలహా చెబితే వినవద్దు. ఆస్తికి పనికొచ్చేది వేరే డబ్బు. బోరు లేని వానాధారపు రైతుకు యాసంగి విడత అలాంటిది. వానాకాలం విడతకు గింజ, ఎరువు కాచుకుని ఉంటాయి. నీళ్లు లేని భూమికి యాసంగిలో పంటే ఉండదు కాబట్టి ఆ విడత మొత్తం చేతిలో మిగులుతుంది. నిజమైన పెట్టుబడి డబ్బు అదే. చాలా ఇళ్లు ఈ తేడా గమనించక రెండు విడతల్నీ ఒకే సంచిలో వేసుకుంటాయి.

ఆ డబ్బుతో మేకలు కొనేవాళ్లే ఎక్కువ, తప్పులు కూడా ఎక్కువగా అక్కడే జరుగుతాయి. పన్నెండు వేలకు మూడు పిల్లలు వస్తాయని చూడకండి. రెండో ఈత దాటిన ఒక చూడి మేక మేలు. ధర ప్రాంతాన్ని బట్టి ఎనిమిది నుంచి పది వేలు ఉంటుంది. మిగిలిన డబ్బు మేతకు, మందుకు ఉంచాలి. మేక చూలు అయిదు నెలలు, పిల్ల అమ్మకానికి రావడానికి ఇంకో ఎనిమిది నుంచి పది నెలలు. అంటే చూడి మేకనే కొన్నా మొదటి రూపాయి చేతికి రావడానికి దాదాపు ఏడాది. ఈ లోపు కూలీ ఆదాయంతోనే ఇల్లు గడవాలి. గడవని ఇంట్లో మేకను మధ్యలోనే అయినకాడికి అమ్మేస్తారు, పెట్టుబడి పోతుంది.

జనవరిలో కొంటే వెంటనే ఎదురయ్యేది ఎండాకాలం. వేరుశనగ కట్టె, కంది పొట్టు, తుమ్మ కాయలు మార్చి లోపే నిల్వ చేసుకోవాలి. తొలకరి లేత గడ్డి ఎగబడి మేసినప్పుడు చిటుక రోగం వచ్చి రాత్రికి రాత్రి చనిపోతాయి, కాబట్టి టీకా మే నెలలోనే, వాన పడక ముందే వేయించాలి. పారుడు రోగానికి కూడా టీకా ఉంది, పశువుల ఆసుపత్రిలో ఉచితంగానే వేస్తారు. వానలు మొదలయ్యే ముందు ఒకసారి నట్టల మందు తాగించాలి. సాయం డబ్బుతో కొన్న మేకలు చచ్చిపోయాయన్న ఇళ్లలో ఎక్కువ భాగం ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పినవే.

బర్రె సంగతి వేరు. మంచి పాడి బర్రె ఎనభై వేల నుంచి లక్ష. దానికి సాయం డబ్బు ఒక్కటే చాలదు, మహిళా పొదుపు సంఘం అప్పో, ఆ సంఘాల సభ్యులకు అప్పులిచ్చే స్త్రీ నిధి అప్పో తీసుకుని ఈ డబ్బును మార్జిన్‌గా, అంటే సొంత వాటాగా పెట్టాలి. ఇంకా మంచి పద్ధతి, దాన్ని మార్జిన్‌లో పూర్తిగా ఖర్చు పెట్టకుండా నాలుగు కిస్తీలకు సరిపడా పక్కన ఉంచడం. బర్రె వట్టిపోయిన నెలల్లో పాల బిల్లు రాదు, కిస్తీ మాత్రం ఆగదు. సంఘంలో బకాయి పడేది అప్పుడే.

భూమి లేని ఇళ్ల దగ్గరికి వద్దాం. వాళ్లకు అందేవి పింఛను, ఉపాధి కూలీ, తెలంగాణలో 2025 నుంచి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా. ఈ చివరిది ఏడాదికి 12,000, రెండు విడతలు. 2023-24లో ఉపాధి హామీలో కనీసం ఇరవై రోజులు పనిచేసిన భూమిలేని కుటుంబాలకు. ఆ ఇరవై రోజుల నిబంధన వల్ల, పనికి పోయినా మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరు సరిగా పడని వాళ్లు బయటే ఉండిపోయారు. జాబ్ కార్డులో పని దినాలు సరిగా ఎక్కాయో లేదో ఎప్పటికప్పుడు చూసుకోవడం ఇకనుంచి డబ్బుతో ముడిపడ్డ పని.

కూలీ ఇంట్లో చిన్న నగదు కూడా చేసే పెద్ద పని బయానా నుంచి తప్పించడం. పాలమూరు ప్రాంతం నుంచి వలస పోయే కుటుంబాలు పని మొదలవక ముందే మేస్త్రీ దగ్గర బయానా తీసుకుంటాయి. ఆ డబ్బు తీరేదాకా కూలీ రేటు, పని గంటలు, తిరిగి వచ్చే రోజు, ఏవీ వాళ్ల చేతిలో ఉండవు. పండగకో ఆసుపత్రికో పుట్టిన అయిదారు వేల అవసరమే ఈ బయానాకు మూలం. సరిగ్గా ఆ సమయంలో ఆ మాత్రం డబ్బు ఖాతాలో ఉంటే వలస పోయినా బేరమాడి పోతారు. 2011, 2012లో మధ్యప్రదేశ్‌లో ‘సేవా’ (SEWA) అనే మహిళా శ్రామికుల సంఘం యూనిసెఫ్ సాయంతో కొన్ని ఊళ్లలో అందరికీ నెలనెలా డబ్బు ఇచ్చి చూసింది. పెద్దలకు మొదట 200, తర్వాత 300, పిల్లలకు అందులో సగం. ఇంత చిన్న మొత్తానికే కొందరు పరాయి చేలో కూలీ తగ్గించి సొంత చెక్క మీద ఎక్కువ పనిచేశారు, పశువులు పెరిగాయి. డబ్బిస్తే సోమరులవుతారన్న వాదన అక్కడ నిలబడలేదు. తాగుడు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎన్నో దేశాల పథకాల ఫలితాల్ని కలిపి ప్రపంచ బ్యాంకు 2014లో ప్రచురించిన పరిశీలనలో నగదు సాయం వల్ల మద్యం, పొగాకు ఖర్చు పెరిగినట్టు తేలలేదు. పేదల మీద ఈ నింద ఇంకా మోపుతూ ఉండటం అన్యాయం.

పింఛను వేరే తీరులో పనిచేస్తుంది. తెలంగాణలో 2,016, వికలాంగులకు 4,016. ఆంధ్రలో 2024 జూలై నుంచి 4,000, వికలాంగులకు 6,000. నెలనెలా వస్తుంది కాబట్టి కిరాణా కొట్టువాడు దాన్ని నమ్మి సామాను ఇస్తాడు. బీపీ, షుగర్ మందులు మధ్యలో ఆగవు. ముసలమ్మకు కొడుకు దగ్గర చేయి చాచాల్సిన అవసరం తగ్గుతుంది. ఆమె ఇంట్లో మనవల్ని చూసుకుంటే కోడలు పనికి పోగలదు. ఆదాయం ఆ రూపంలోనూ పెరుగుతుంది, ఏ సర్వే కాగితంలోనూ అది పింఛను పద్దు కింద కనిపించదు.

డబ్బు ఊళ్లో తిరిగి ఇతరుల ఆదాయమూ పెంచుతుందా? కెన్యా సియాయా కౌంటీలో 653 ఊళ్లను పరిశీలించిన అధ్యయనంలో ఇచ్చిన ప్రతి డాలరుకు స్థానిక ఆర్థిక కార్యకలాపం రెండున్నర డాలర్ల దాకా పెరిగింది. సాయం అందని ఇరుగుపొరుగు కూడా బాగుపడ్డారు, ధరలు దాదాపు పెరగలేదు. ఆ లెక్కను మనకు నేరుగా అతికించకూడదు. ఏ రూపాయి ఊళ్లో ఎన్ని చేతులు మారుతుందన్నది ఖర్చు రకాన్ని బట్టి ఉంటుంది. కలుపు కూలీకి ఇచ్చిన రూపాయి అదే ఊరి కొట్టుకు, దర్జీకి, మేస్త్రీకి పోతుంది. విత్తనం ప్యాకెట్‌కు ఇచ్చిన రూపాయి మర్నాడే జిల్లా దాటిపోతుంది. పత్తి ప్రాంతాల్లో సాయం డబ్బు ఊళ్లో నిలవకపోవడానికి ఇదే కారణం.

అన్నింటికంటే పెద్ద అన్యాయం కౌలు రైతుకు జరుగుతోంది, దీన్ని మెత్తగా చెప్పడం కుదరదు. దున్నేది, అప్పు తెచ్చేది, పంట పోతే మునిగేది కౌలుదారు. ఎకరానికి వచ్చే డబ్బు పట్టాదారుకు, ఆయన ఏ నగరంలో ఉన్నా పడుతుంది. కౌలు అందులో ఒక్క రూపాయీ తగ్గదు. భూమికి అంటిన సాయం చివరికి భూమి ధరలోకి చేరుతుంది గానీ సాగు చేసేవాడికి చేరదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందంతో కార్డు ఇచ్చి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు 13,500 ఇచ్చే ఏర్పాటు చేశారు. దానికి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెడితే భూమి పోతుందన్న భయంతో చాలామంది పెట్టలేదు, కౌలుదారులు గట్టిగా అడగలేకపోయారు.

కౌలుకు చేసేవాళ్లు చేయగలిగింది ఒకటి ఉంది. ఉగాది నాడు కౌలు మాట్లాడుకునేటప్పుడే సాయం డబ్బు ప్రస్తావన తేవాలి. సగమైనా కౌలులో తగ్గించమని, కుదరకపోతే ఆ డబ్బు పడగానే మొదటి ఎరువు బస్తాల ఖర్చు యజమాని పెట్టి పంట తర్వాత మిత్తి లేకుండా మినహాయించుకోమని అడగాలి. తెల్ల కాగితం మీదైనా ఇద్దరు సాక్షులతో రాసుకోవాలి. ఆంధ్రలో ఈ-పంట నమోదులో, తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారి చేసే పంట నమోదులో సాగుదారు పేరు చేర్పించుకోవాలి. రేపు పంట అమ్మేటప్పుడు, నష్టపరిహారం వచ్చేటప్పుడు పనికొచ్చేది ఆ నమోదే.

ఇక డబ్బు ఎందుకు పడదు అన్నది. ఊళ్లలో అడిగే ప్రశ్నల్లో సగం దీని గురించే. పీఎం కిసాన్ ఆధార్ ఆధారంగా పడుతుంది, మీరు ఇచ్చిన ఖాతా నంబరు చూసి కాదు. ఆధార్‌కు చివరగా అనుసంధానమైన ఖాతాలోకి పోతుంది. ఎప్పుడో సిమ్ తీసుకున్నప్పుడు తెరుచుకున్న పేమెంట్ బ్యాంకు ఖాతాలో మూడు నాలుగు విడతలు పడి ఉండి, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం మామూలే. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. పీఎం కిసాన్ స్టేటస్ పేజీలో భూమి వివరాల అనుసంధానం, ఈ-కేవైసీ, ఆధార్ బ్యాంకు అనుసంధానం అని మూడు వరుసలుంటాయి. ఎక్కడ కాదు అని ఉందో ఆ ఒక్కటే సరిచేయించాలి. మొదటిది మండల వ్యవసాయ కార్యాలయంలో, రెండోది మీ సేవలోనో యాప్‌లో ముఖం చూపించో, మూడోది బ్యాంకులో. అన్నింటికీ అన్ని చోట్లా తిరగడం వల్ల రోజుల కూలీ పోతుంది. సహాయ నంబరు 155261.

తెలంగాణ రైతు భరోసా మాత్రం ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చూసి పడుతుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేట్ అదే రోజు కెనరాలో కలిశాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వెళ్లాయి. పాత కోడ్ ఉన్నవాళ్లు కొత్త పాస్‌బుక్ జిరాక్స్, పట్టాదారు పాస్‌బుక్, ఆధార్ విస్తరణాధికారికి ఇచ్చి మార్పించుకోవాలి. పంట రుణం బకాయి ఉన్న ఖాతా ఇస్తే బ్యాంకు ఆ డబ్బును పట్టి ఉంచే ప్రమాదం ఉంది, కాబట్టి వేరే బ్యాంకులో అప్పు లేని పొదుపు ఖాతా ఇవ్వడం మేలు.

2018లో చెక్కుల పంపిణీ మీద తెలంగాణలో ఒక పరిశోధన జరిగింది. కొన్ని మండలాల్లో, రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతామని అధికారులకు ముందే చెప్పారు. ఆ మండలాల్లో అందినవాళ్లు, సకాలంలో అందినవాళ్లు పెరిగారు. అడిగేవాళ్లున్నారని తెలిస్తే పని జరుగుతుంది. ఊరి సంఘాలు డబ్బు రానివాళ్ల జాబితా రాసి మండల కార్యాలయంలో ఇచ్చి రశీదు తీసుకోవడం ఇందుకే అవసరం.

డబ్బు తీసేటప్పుడు బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేస్తే అచ్చు రశీదు తీసుకోండి, నెలకోసారి పాస్‌బుక్ ప్రింటు వేయించుకోండి. ఖాతాలో తగ్గి చేతికి రాకపోతే లావాదేవీ తర్వాత అయిదు రోజుల్లో తిరిగి జమ కావాలి, ఆ తర్వాత రోజుకు వంద రూపాయల పరిహారం అడిగే హక్కు ఉంది. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (దొంగ యాప్) తెరిస్తే ఖాతా ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది, ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

రైతు చనిపోయినప్పుడు వచ్చే రైతు బీమా గురించి చెప్పకపోతే ఈ సమాధానం సగమే. 2018 ఆగస్టు 15 నుంచి తెలంగాణలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో మరణించినా నామినీకి అయిదు లక్షలు. ఒక కుటుంబం చేతికి ఒకేసారి వచ్చే నగదులో ఇదే పెద్దది, అన్నింటికంటే వేగంగా కరిగిపోయేదీ ఇదే. కర్మలు ముగిసేలోపే అప్పులవాళ్లు, పాళ్లవాళ్లు వస్తారు. రెండు రూపాయల మిత్తికి పైన ఉన్న అప్పులు మాత్రం తీర్చి, మిగిలింది నామినీ అయిన భార్య పేరుననే పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో పెట్టడం మంచి దారి. 7.4 శాతం రేటున అయిదు లక్షలకు నెలకు 3,083 వస్తాయి, అయిదేళ్ల తర్వాత అసలు తిరిగి వస్తుంది. ఏడాది దాటితే మధ్యలో తీసుకోవచ్చు, మూడేళ్ల లోపు రెండు శాతం, ఆ తర్వాత ఒక శాతం కోత ఉంటుంది. నామినీగా పెట్టిన మనిషి ముందే పోయి ఉంటే క్లెయిమ్ నెలల తరబడి ఆగుతుంది. నామినీ పేరు, ఆధార్ స్పెల్లింగ్ బతికుండగానే విస్తరణాధికారి దగ్గర చూసుకోవాలి. విరాసత్, అంటే వారసుల పేరున పట్టా మార్పు కూడా వెంటనే చేయించాలి. పట్టా మారేదాకా పెట్టుబడి సాయం ఆగిపోతుంది, అప్పుడే విత్తనాలకు డబ్బు కావాల్సి వస్తుంది.

ఊళ్లో ఈ సాయం పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలనుకునే సంస్థలవాళ్లు "డబ్బు దేనికి ఖర్చు పెట్టారు" అని అడుగుతుంటారు. డబ్బుకు గుర్తు ఉండదు కాబట్టి ఆ ప్రశ్నకు వచ్చే జవాబు పనికిరాదు. రైతు ఎరువులకు అని చెబుతాడు, ఎందుకంటే అలా చెప్పాలని ఆయనకు తెలుసు. దాని బదులు ఈ సంగతులు అడగండి: ఈసారి విత్తనం నగదుకు కొన్నారా, ఉద్దెరకా? ఎన్ని రూపాయల మిత్తి? పంట ఎవరికి అమ్మారు, ఎన్ని రోజులు ఆగి అమ్మారు? పుస్తెలతాడు ఎప్పుడు కుదువపెట్టారు, విడిపించారా? ఇంట్లో ఎవరు మేస్త్రీ దగ్గర బయానా తీసుకున్నారు? ఖాతా ఎవరి పేరున ఉంది, డబ్బు తీసింది ఎవరు? ఇవే ప్రశ్నలు వరుసగా మూడు సీజన్లు అవే ఇళ్లలో అడగండి, కౌలు ఇళ్లను, భూమిలేని ఇళ్లను విడిగా రాసుకోండి.